ఆత్మవిశ్వాసాన్ని కాదు, అనుభవాలను కొలుద్దాం

(జాతీయ విద్యా దినోత్సవం సందర్భంగా డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రులు పాల్గొన్న సభలో సమర్పించిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నవంబరు 11. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1888లో జన్మించిన రోజు. 2008 నుండి దేశం దీనిని జాతీయ విద్యా దినోత్సవంగా పాటిస్తున్నది. ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీ వెలసినదీ, యూజీసీ ప్రారంభమైనదీ ఆయన హయాంలోనే. ఏటా ఈ రోజున ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తాము. పిల్లలను చూసి "ధైర్యంగా ఉండండి, పెద్ద కలలు కనండి" అని చెప్పి ఇళ్లకు వెళ్తాము. ఈసారి ఆ మాట మరొకసారి చెప్పడానికి మేము రాలేదు. ఆ మాట ఇన్నేళ్లుగా ఎందుకు చాలడం లేదో మీతో కలిసి ఆలోచించడానికి వచ్చాము.

మేము డిగ్రీ తరగతులకు పాఠాలు చెప్పే అధ్యాపకులము. చివరి సంవత్సరం విద్యార్థులను "తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడగడం మాకు అలవాటు. ముస్లిం విద్యార్థుల నుండి మాకు తరచుగా వినిపించే జవాబులు మూడు. "ఏదో ఒకటి చూస్తాను సార్" అన్నది మొదటిది. "ఇంట్లో అడగాలి మేడం" అన్నది రెండవది. "మాకెవరిస్తారు సార్?" అన్నది మూడవది. ఈ మూడింటినీ మేము చాలాకాలం ఒకే గాటన కట్టాము. "వీరికి ఆత్మవిశ్వాసం తక్కువ" అని తీర్పు చెప్పి, ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ణి పిలిపించి, రెండు గంటల ఉపన్యాసం ఇప్పించి ఊరుకున్నాము. అన్ని జ్వరాలకూ ఒకే మాత్ర ఇచ్చే వైద్యం అది.

నిదానంగా వింటే ఆ మూడు జవాబులూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. మొదటి విద్యార్థి తన శక్తిని ఎన్నడూ పరీక్షించుకోలేదు. రెండవ విద్యార్థిని తన జీవితం గురించి ఒక్క నిర్ణయమైనా తానుగా తీసుకునే సందర్భం ఎరుగదు. మూడవ విద్యార్థి తన శక్తిని శంకించడం లేదు, లోకం న్యాయాన్ని శంకిస్తున్నాడు. ఈ తేడాను గుర్తించాలంటే కొలవడం నేర్చుకోవాలి. ఏమి కొలవాలి, ఎలా కొలవాలి, కొలిచిన తర్వాత ఎవరిని అడగాలి అన్నవే మా ప్రసంగంలోని మూడు అంశాలు.

విశ్వాసం ఎక్కడి నుండి వస్తుంది?

ఆత్మవిశ్వాసం కొందరికి పుట్టుకతో వస్తుందనీ, కొందరికి రాదనీ మనలో ఒక అపోహ ఉన్నది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో ఇందుకు భిన్నమైన సిద్ధాంతాన్ని నిలబెట్టారు. ఒక నిర్దిష్టమైన పనిని నేను చేయగలనన్న నమ్మకాన్ని ఆయన వేరుగా గుర్తించారు. దానిని మనము స్వసామర్థ్య విశ్వాసం అందాము. ఈ విశ్వాసానికి నాలుగు ఊటలున్నాయని ఆయన చెప్పారు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం మొదటిది. తనవంటి వారు చేయగా చూసిన అనుభవం రెండవది. నమ్మదగిన వారి ప్రోత్సాహ వాక్యం మూడవది. పని తలపెట్టినప్పుడు మనసులోనూ శరీరంలోనూ కలిగే ఉద్వేగం నాలుగవది.

ఈ నాలుగూ సమానమైనవి కావు. పాములంటే విపరీతంగా భయపడే వారితో బందూరా, ఆయన సహచరులు జరిపిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఇతరులు పామును పట్టుకోగా చూసిన వారికి కొంత ధైర్యం వచ్చింది. శిక్షకుని సాయంతో అంచెలంచెలుగా తామే పామును తాకిన వారికి అంతకంటే ఎక్కువ ధైర్యం వచ్చింది. మాటలకంటే చూపు, చూపుకంటే చేత బలమైనవని దీని సారాంశం. మన కళాశాలలు నాలుగింటిలో బలహీనమైన మాటనే ఎక్కువగా పంచుతున్నాయని వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆలోచనను ఉద్యోగ జీవితానికి అన్వయించినవారిలో గెయిల్ హ్యాకెట్, నాన్సీ బెట్జ్ ముఖ్యులు. కొన్ని వృత్తుల్లో స్త్రీలు ఎందుకు తక్కువగా ఉన్నారన్న ప్రశ్నకు వారు 1981లో ఒక జవాబు ప్రతిపాదించారు. స్త్రీలకు లోపించినది సామర్థ్యం కాదనీ, ఆ సామర్థ్యంపై నమ్మకం కలిగించే అనుభవాలు పెంపకంలోనే వారికి దూరమవుతున్నాయనీ వారి వాదన. మన అమ్మాయిల విషయంలో ఇది నేటికీ అక్షరసత్యం. 1983లో టేలర్, బెట్జ్ ఉద్యోగ నిర్ణయాలకు సంబంధించిన విశ్వాసాన్ని కొలిచే 50 ప్రశ్నల మాపనిని రూపొందించారు. 1994లో రాబర్ట్ లెంట్, స్టీవెన్ బ్రౌన్, గెయిల్ హ్యాకెట్ ఈ ఆలోచనలన్నిటినీ ఒక సమగ్ర సిద్ధాంతంగా కూర్చారు. 2017లో లెంట్ బృందం మరొక అడుగు ముందుకు వేసింది. విశ్వాసాన్ని మాత్రమే గాక, దానికి మూలమైన అభ్యసన అనుభవాలను కొలిచే మాపనిని కళాశాల విద్యార్థుల కోసం సిద్ధం చేసింది. అందులో ఉద్వేగాన్ని సానుకూలం, ప్రతికూలం అని విడదీశారు. కనుక బందూరా చెప్పిన నాలుగు ఊటలు అక్కడ ఐదయ్యాయి.

మైనారిటీ హక్కుల దృష్టితో చూస్తే ఈ చివరి అడుగు మిక్కిలి విలువైనది. విశ్వాసాన్ని కొలిస్తే లోపం విద్యార్థిలో కనిపిస్తుంది. అనుభవాలను కొలిస్తే లోపం ఆ అనుభవాలను ఇవ్వవలసిన వ్యవస్థలో కనిపిస్తుంది. "నీకు ధైర్యం లేదు" అన్న వాక్యం "నీకు ధైర్యాన్నిచ్చే అవకాశం మేము ఇవ్వలేదు" అని మారుతుంది. మొదటి వాక్యం నింద, రెండవది జవాబుదారీతనం.

ప్రవేశాలను లెక్కించాము, అనుభవాలను లెక్కించలేదు

మన సమాజపు విద్యా పరిస్థితిపై లెక్కలు లేకపోలేదు. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒకరు, పీజీ విద్యార్థుల్లో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ నివేదించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో వారు 4.6 శాతం. అంతకుముందు ఏడాది సుమారు 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య ఆ ఏడాది సుమారు 19.2 లక్షలకు పడిపోయింది.

మన తెలుగు నేలపై 2007 చట్టం ద్వారా బీసీ-ఈ కింద 14 ముస్లిం సామాజిక వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగా అది కొనసాగుతున్నది. దానివల్ల ఎన్నో కుటుంబాల్లో తొలి ఇంజనీరు, తొలి టీచరు, తొలి డాక్టరు తయారయ్యారు. అయితే ఈ లెక్కలన్నీ గుమ్మం దగ్గర ఆగిపోతాయి. ఎందరు లోపలికి వచ్చారన్నదే మనకు తెలుసు. లోపలికి వచ్చిన బిడ్డకు ఆ మూడు సంవత్సరాల్లో ఏ అనుభవాలు దక్కాయో ఎవరూ లెక్కించలేదు.

ఐదు ఊటలనూ మన కళాశాలల్లో వెతికి చూద్దాము.

మొదటిది స్వయంకృషి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిది. కాని విద్యార్థి ఆ కాలంలో నిజంగా ఒక పని చేశాడా, లేక సంతకం ఉన్న కాగితం మాత్రమే తెచ్చాడా అన్నది ధ్రువపత్రం చెప్పదు, విద్యార్థి చెప్పగలడు. అందుకే మేము రాసుకున్న ముసాయిదాలో ఇలాంటి వాక్యాలున్నాయి: "నాకు అప్పగించిన ఒక పనిని మొదటి నుండి చివరి వరకు నేనే పూర్తి చేశాను." "ఒక ఉద్యోగానికో కోర్సుకో సంబంధించిన సమాచారాన్ని నేనే సేకరించి, దరఖాస్తును నేనే నింపి పంపాను."

రెండవది చూసి నేర్చుకోవడం. ఏపీజే అబ్దుల్ కలాం గారి చిత్రపటం లేని మైనారిటీ విద్యాసంస్థ బహుశా ఉండదు. ఆయన మనకు గర్వకారణం, సందేహం లేదు. కాని ఆదర్శమూర్తి ఎంత దగ్గరివాడైతే అంతగా నమ్మకం కలుగుతుందని ఈ శాస్త్రం చెబుతున్నది. రాష్ట్రపతి భవనం దాకా ఎదిగిన శాస్త్రవేత్తను చూసి పిల్లవాడు నమస్కరిస్తాడు. పక్క వీధిలో ఆటో నడిపే వాని కూతురు బ్యాంకు ఉద్యోగం సాధిస్తే, "అయితే నేనూ చేయగలను" అనుకుంటాడు. కనుక మా వాక్యం ఇది: "నా వంటి కుటుంబం నుండి వచ్చి, చదువుకు తగిన ఉద్యోగంలో స్థిరపడిన వ్యక్తితో నేను స్వయంగా మాట్లాడాను."

మూడవది ప్రోత్సాహం. "నువ్వు బాగా చేస్తావు" అన్న పొగడ్త కాదు, కారణం చెప్పే మాట కావాలి. "నేను ఏ పనిలో రాణించగలనో, ఎందుకు రాణించగలనో కనీసం ఒక అధ్యాపకుడు నాకు వివరించాడు" అన్నది ఇక్కడి వాక్యం.

నాలుగవది సానుకూల ఉద్వేగం. "నా భవిష్యత్తు గురించి వివరాలు తెలుసుకుంటున్నప్పుడు నాకు ఉత్సాహం కలిగింది." ఐదవది ప్రతికూల ఉద్వేగం. ఇక్కడ మన సమాజానికి ప్రత్యేకమైన ఒక వాక్యం చేర్చక తప్పలేదు: "నా పేరు గురించో, దుస్తుల గురించో, మాట తీరు గురించో ఎవరేమంటారోనన్న ఆందోళనతో ఒక అవకాశానికి దరఖాస్తు చేయకుండా ఆగిపోయాను."

ఈ సందర్భంలో మా తప్పును కూడా ఒప్పుకోవాలి. క్షేత్ర పర్యటనకు జాబితా తయారు చేసేటప్పుడు "ఆ అమ్మాయిల ఇళ్లలో ఒప్పుకోరులే" అని మేమే ముందుగా అనుకొని, అడగకుండానే కొందరి పేర్లు వదిలివేసిన సందర్భాలున్నాయి. అడిగితే ఏ తండ్రి ఒప్పుకొనేవాడో, ఏ తల్లి తోడు వచ్చేదో మాకు తెలియదు. ఆ విద్యార్థినులకు దక్కవలసిన అనుభవం మా ఊహవల్ల దక్కలేదు. తర్వాత వారినే "చొరవ లేదు" అన్నాము.

చేయగలనా? చేస్తే ఫలితం దక్కుతుందా?

ఇప్పుడు మూడవ విద్యార్థి దగ్గరకు వద్దాము. "మాకెవరిస్తారు సార్?" అన్నవాని దగ్గరకు.

లెంట్, బ్రౌన్, హ్యాకెట్‌ల సిద్ధాంతం రెండు నమ్మకాలను వేరు చేస్తుంది. "ఈ పని నేను చేయగలను" అన్నది స్వసామర్థ్య విశ్వాసం. "చేస్తే తగిన ఫలితం లభిస్తుంది" అన్నది ఫలితంపై ఆశ. మొదటిది నిండుగా ఉండి రెండవది అడుగంటడం సాధ్యమే. అటువంటి విద్యార్థికి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం ఇవ్వడం, ఆకలిగొన్న వానికి జీర్ణశక్తి గురించి బోధించడం వంటిది.

అతని అనుమానం నిరాధారమా? సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ జరిపిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడింది. ప్రైవేటు రంగ ఉద్యోగ ప్రకటనలు 548కి, 66 వారాల పాటు, మొత్తం 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానమైనవి, పేర్లు మాత్రమే వేరు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు తదుపరి దశకు పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడో వంతు మాత్రమే ఉన్నట్లు తేలింది. ఉన్నత పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటి వార్తలు చదివిన విద్యార్థి ఫలితంపై ఆశ తగ్గించుకుంటే అది మానసిక దౌర్బల్యం కాదు. కళ్లెదుట ఉన్నదానిని చదవగలగడం.

అందువల్ల ఈ రెండు నమ్మకాలనూ రెండు వేర్వేరు పట్టికల్లో కొలవాలని మా దృఢాభిప్రాయం. మొదటి పట్టికలో లోటు కనిపిస్తే కళాశాల సరిదిద్దుకోవాలి. రెండవ పట్టికలో లోటు కనిపిస్తే ప్రభుత్వాన్నీ, ఉద్యోగాలిచ్చే సంస్థలనూ ప్రశ్నించాలి. రెండింటినీ కలిపి ఒకే మార్కు వేస్తే ఆ భారమంతా విద్యార్థి తలపై పడుతుంది.

ఎలా కొలవాలి?

అమెరికా విద్యార్థుల కోసం తయారైన ప్రశ్నలను తెలుగులోకి మార్చి పంచితే పని పూర్తి కాదు. "నా కెరీర్ కౌన్సిలర్ నన్ను ప్రోత్సహించారు" అన్న వాక్యం మన పట్టణాల్లోని ఎక్కువ మంది విద్యార్థులకు వర్తించదు. వారు అటువంటి వ్యక్తిని చూసి ఉండరు. "లేదు" అని రాస్తే అది ప్రోత్సాహం అందలేదని అర్థమా, ఆ ఉద్యోగమే కళాశాలలో లేదని అర్థమా? కనుక "మా కళాశాలలో ఈ వసతి లేదు" అన్న గడి ప్రత్యేకంగా ఉండాలి.

భాష సంగతి మరీ సున్నితమైనది. మన విద్యార్థుల్లో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, తెలుగు మాధ్యమంలో బడి చదువు ముగించి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారున్నారు. దూదేకుల కుటుంబాల వంటి వారికి తెలుగే ఇంటి భాష. ఒకరికి "ఆత్మవిశ్వాసం" అన్న మాట పుస్తకాల్లోనిది, "హిమ్మత్" అన్నది గుండెలోనిది. అందుచేత ప్రశ్నావళిని తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధం చేయాలి. ముందుగా కొద్దిమంది విద్యార్థుల చేత ప్రతి వాక్యాన్నీ బిగ్గరగా చదివించి, వారికి ఏమి అర్థమైందో వారి మాటల్లో చెప్పించాలి. అపార్థమైన వాక్యాన్ని మార్చాలి.

ప్రతి వాక్యానికీ "అసలు కాదు" నుండి "పూర్తిగా అవును" వరకు ఐదు మెట్లు చాలు. ప్రవేశించిన మొదటి సెమిస్టరులో ఒకసారి, చివరి సెమిస్టరులో ఒకసారి అదే విద్యార్థులను అడగాలి. మార్పు తెలిసేది అప్పుడే. పేరు రాయించరాదు, రెండు పత్రాలనూ జతపరచడానికి విద్యార్థి తానే ఎంచుకొన్న సంకేతం సరిపోతుంది. పాఠం చెప్పే అధ్యాపకుడు గదిలో నిలబడరాదు. నిలబడితే మన పిల్లలు మర్యాద కోసం "బాగుంది" అనే రాస్తారు. ఫలితాలను అమ్మాయిలు, అబ్బాయిలు, కుటుంబంలో తొలిసారి కళాశాలకు వచ్చినవారు, సామాజిక వర్గాలు అన్న విభజనతో చూడాలి. అయితే ఒక వర్గంలో నలుగురైదుగురే ఉంటే ఆ అంకెను బయటపెట్టరాదు. ఎవరు ఏమి రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఎక్కువ అనుభవాలున్న వారికి ఎక్కువ విశ్వాసం ఉన్నట్లు కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని వెంటనే తేల్చరాదు. ముందే విశ్వాసమున్నవారు అనుభవాలను వెతుక్కుంటూ పోయి ఉండవచ్చు. మొదటి సెమిస్టరులో కొలవాలనడానికి ఇది మరొక కారణం. అన్నిటికీ మించి, ఈ అంకెను విద్యార్థికి ర్యాంకుగా తగిలించడాన్ని మేము అంగీకరించము. ఇది కళాశాలకు వేసే మార్కు, విద్యార్థికి కాదు.

ఎవరిని, ఏమి అడగాలి?

మొదటి విన్నపం కళాశాలలకు. న్యాక్ మదింపులో ఐదవ ప్రమాణం విద్యార్థుల తోడ్పాటుకు, పురోగతికి సంబంధించినది. ప్రతి కళాశాలలోని అంతర్గత నాణ్యతా విభాగం ఎన్ని అవగాహన సదస్సులు జరిపామో రాస్తున్నది. ఇకపై వాటివల్ల ఎందరు విద్యార్థులకు ఏ అనుభవం దక్కిందో కూడా రాయాలి. రాజ్యాంగం 30వ అధికరణం కింద మనము స్థాపించుకొన్న మైనారిటీ కళాశాలలు ఈ పనికి ముందు నిలవాలి. సంస్థను నడుపుకొనే హక్కు, అందులో చదివే బిడ్డకు జవాబు చెప్పే బాధ్యతతోనే పరిపూర్ణమవుతుంది.

రెండవ విన్నపం రెండు తెలుగు రాష్ట్రాల మైనారిటీ సంక్షేమ శాఖలకు. శిక్షణ కార్యక్రమాలపై ఎంత ఖర్చయిందన్న లెక్కతోపాటు, విద్యార్థులకు ఏమి దక్కిందన్న లెక్కను కూడా ప్రజల ముందుంచాలి. ఉద్యోగ నియామకాల్లో వివక్షపై ఫిర్యాదు చేసుకొనే మార్గాన్ని ప్రతి కళాశాల విద్యార్థికీ తెలియజేయాలి.

మూడవ విన్నపం మన సమాజంలో చదువుకొని స్థిరపడిన వారికి. విరాళాలిస్తున్నారు, సంతోషం. ఏడాదికి ఒక రోజు మీ పాత కళాశాలకు రండి. వేదిక ఎక్కవద్దు. పదిమంది పిల్లలతో కూర్చొని మీ తొలి ఇంటర్వ్యూలో ఎక్కడ తడబడ్డారో చెప్పండి. వీలైతే ఒకరిని మీ కార్యాలయానికి తీసుకువెళ్లి ఒక చిన్న పని అప్పగించండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. "ఇంట్లో అడగాలి" అన్న జవాబును మేము తప్పు పట్టడం లేదు. పెద్దలను అడగడం మన సంస్కారం. అడిగినప్పుడు మీ అమ్మాయికి నిర్ణయం చెప్పకముందు "నువ్వేమి తెలుసుకొన్నావు?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆమెకు దక్కే మొదటి అనుభవం అదే.

విద్యార్థులారా, మీకు ధైర్యం చెప్పబోమని మొదటే అన్నాము. మీకు ధైర్యాన్నిచ్చే అనుభవాలు రావలసి ఉన్నాయి. అవి దయాధర్మంగా కాదు, చదువుకొనే హక్కులో భాగంగా రావాలి. ఈ సభ ముగిశాక బయట బల్ల మీద ప్రశ్నావళి ముసాయిదా ప్రతులున్నాయి. చదవండి. అర్థం కాని మాటను కొట్టివేయండి, మీ జీవితంలో జరిగి మేము అడగని సంగతిని అట్టడుగున రాయండి. మిమ్మల్ని కొలవడానికి కాదు, మమ్మల్ని కొలవడానికి ఆ కాగితం సిద్ధం చేశాము.

సెలవు.